కుందుర్పిలో బొరుగుల వాన

ఉద్యోగ జ్ఞాపకాలంటే రిటైరయ్యాక రాసేవి. మన కాలేజీ పత్రికలో ఎప్పుడూ రిటైరైన పెద్దలే రాస్తారు. నేను చదువుకునే రోజుల్లో అవి చదువుతూ లైబ్రరీలో నిద్రపోయిన సందర్భాలూ ఉన్నాయి. ఈసారి రాయాల్సిన పెద్దాయనకు కంటి ఆపరేషన్ అయిందట. తెలుగు మేడం ఫోన్ చేసి, "నువ్వు రాయి, ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది కదా" అన్నారు. మూడేళ్లకే జ్ఞాపకాలేంటి మేడం అని మొహమాటపడ్డాను. ఫోన్ పెట్టేసి వెంటనే కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఎందుకంటే ఈ సంగతి ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు అన్నం సహించదు. బస్సులో పక్కసీటు వాళ్లకు చెప్పాను, ఆధార్ సెంటర్లో వరుసలో ముందున్నామెకు చెప్పాను, పళ్ల డాక్టరుకు నోరు తెరిచి ఉండగానే చెప్పబోయాను. ఇక మిగిలింది మీరే.

నేను మన కాలేజీలోనే బి.ఎస్సి. కంప్యూటర్స్ చదివాను. మాది కంబదూరు దగ్గర పల్లె. నాయన గొర్రెలు మేపుతాడు, వాన దయ ఉన్న ఏడు కాస్త చెనక్కాయ వేస్తాడు. మా వంశంలో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. ఆ మాట నేను ఎక్కడైనా ఒకసారే చెబుతాను, నాయన ప్రతిచోటా చెబుతాడు. అయితే ఆ డిగ్రీతో నేను చేరిన ఉద్యోగం ఏమిటో మాత్రం ఆయనకు చాలాకాలం అర్థం కాలేదు. నాటకాల కంపెనీలో కంప్యూటర్ పని అంటే, "నాటకానికి హార్మోనియం కావల్ల గాని కంప్యూటర్ ఏంటికి?" అన్నాడు.

మాది పాటలతో నడిచే నాటకాల కంపెనీ. యజమానీ దర్శకుడూ ఒకరే, ఆయన్ని మేమంతా సార్ అంటాం. హైదరాబాదు మనిషి, పెద్ద చదువులు చదివి వచ్చారు. ఆయన నాటకంలో పాటలు, సంగీతం, లైట్లు, వెనక తెర మీద వచ్చే బొమ్మలు అన్నీ ఒక ల్యాప్‌టాప్‌లో ఒకదాని కింద ఒకటి వరుసగా పేర్చి ఉంటాయి. బటన్ నొక్కితే తర్వాతది వస్తుంది. ఆ బటన్ నొక్కేది నేను. చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని, జనం మధ్యలో బల్ల వేసుకుని కూర్చుంటాను. స్టేజీ పక్కనుంచి సార్ "ఇప్పుడు" అంటారు, నేను నొక్కుతాను. అంతే ఉద్యోగం. నాకు ముందు ఈ పని చేసినాయన చావు సీన్లో పెళ్లి పాట వదిలాడట. అందుకే చేరిన రోజే సార్ నాకు ఒక్కటే చెప్పారు: "చూడమ్మా, నా మాట లేకుండా ఒక్క బటన్ నొక్కినా, మర్నాటి నుంచి రానక్కర్లేదు."

సార్ ఒక పాత సినిమాను నాటకంగా మార్చారు. పేరు చెప్పను. మన జిల్లాలో అది టీవీలో వస్తే అన్నం గిన్నెలు పట్టుకుని ముందు కూర్చుంటారని చెబితే చాలు. కరువొచ్చిన ఊళ్లో ఒకడు బావి తవ్వుతుంటాడు. నీళ్లు అమ్ముకునే షావుకారు అడ్డం పడతాడు. ఇంట్లో పెళ్లాం పస్తులుంటుంది. ఎంత తవ్వినా చుక్క పడదు. చివరికి వాడు ఖాళీ బొక్కెన పట్టుకుని ఆకాశం కేసి చూస్తాడు. ఉరుముతుంది. వాన దంచుతుంది. ఊరంతా తడుస్తూ పాట. ఆ పాట కోసమే మిగతా సినిమా ఉంది అని మా అమ్మ అభిప్రాయం.

రిహార్సల్స్ సగంలో ఉండగా సార్ ఆ పాట తీసేశారు. రికార్డింగ్ కూడా అయిపోయిన పాట. "కరువు నేల మీద సినిమా వాన కురిపించడం అక్కడి మనుషుల్ని అవమానించడం. నా నాటకంలో వాన రాదు. ఖాళీ బొక్కెన, నిశ్శబ్దం, చీకటి. అంతే" అన్నారు.

షావుకారు వేషం వేసేది మన జిల్లా ఆయనే, పౌరాణిక నాటకాల్లో పండిపోయిన మనిషి. ఆయన తల గోక్కున్నాడు. "సార్, చెప్పకూడదు గాని, వాన ఎత్తేస్తే మన జనం ఊరుకోరు."

"ఊరుకుంటారు. ఆలోచిస్తారు" అన్నారు సార్.

"ఆలోచించేకి వాళ్లకు ఇంటికాడ శానా ఉండాయి సార్. నాటకానికి వచ్చేది అందుకు కాదు."

సార్ వినలేదు. నెల రోజులు ఆ నిశ్శబ్దాన్ని సాధన చేయించారు. నిశ్శబ్దానికి రిహార్సల్ ఏమిటో అని మీరు నవ్వకండి, హీరో పాపం బొక్కెన పట్టుకుని కదలకుండా నిలబడీ నిలబడీ భుజం పట్టేసి తైలం రాసుకున్నాడు. ఆ వాన పాట మాత్రం దాని ఉరుముతో, లైట్లతో, బొమ్మలతో సహా నా ల్యాప్‌టాప్‌లో వరుస చిట్టచివర అలాగే ఉండిపోయింది. తీసెయ్యమని ఎవరూ చెప్పలేదు, నేనూ తియ్యలేదు.

మొదటి ఆట కుందుర్పిలో పెట్టారు. శ్రావణం చివరి రోజులు. విత్తనాలు వేసిన తర్వాత ఒక్క జల్లు పడి, మళ్లీ మబ్బు జాడ లేదు. దారి పొడవునా చెనక్కాయ మొక్కలు మధ్యాహ్నానికి ఆకులు ముడుచుకుని నిలబడి ఉన్నాయి. ఆటకు హైదరాబాదు నుంచి ఒక విమర్శకుడు వస్తున్నాడని మాకు ముందే తెలుసు. ఆయన బాగుందని రాస్తే అక్కడి నాటక సభవాళ్లు మాకు వారం రోజుల ఆటలు ఇస్తామన్నారు. ఆయన బాగుందని రాసి చాలా కాలమైందని కూడా చెప్పుకున్నారు.

నాయన కూడా వచ్చాడు. నేను పనిచేస్తుండగా చూడటం అదే మొదటిసారి. ఆటను ఏర్పాటు చేసింది ఆ ఊరి మాజీ సర్పంచి. ఆయన నాయనను, "కంప్యూటర్ పాప వాళ్ల నాయనంట, ముందుకు రాప్పా" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ముందు వరుసలో కూర్చోబెట్టాడు. సరిగ్గా విమర్శకుడి పక్కన. నా బల్ల నాలుగు వరుసల వెనక. కానీ జీవితమంతా గొర్రెల వెనక తిరిగిన నాయనకు మెల్లగా మాట్లాడటం రాదు. ఆయన అన్న ప్రతి మాటా నాకు హెడ్‌సెట్‌ను దాటుకుని వినిపించింది.

"ఏం సామీ, ఈ సినిమా చూసినావా?"

"చూశాను."

"ఎన్నిసార్లు?"

"ఒకసారి."

"ఒకసారేనా?" నాయన ఆయన్ని జాలిగా చూశాడు. "ఏం భయంలేదు, నేను చెప్తా."

పొద్దు గూకుతుండగా ఆట మొదలైంది. సార్ ఊహించిన జనం వేరు, వచ్చిన జనం వేరు. సార్‌కు చీమ చిటుక్కుమన్నా వినిపించే సభ కావాలి. ఇక్కడ పాట ఎత్తుకునేలోపే జనం తర్వాతి చరణం పాడేస్తున్నారు. హీరో తాడు పట్టుకోగానే నాయన, "ఇప్పుడు తెగుతాది చూడు సామీ" అన్నాడు. తెగింది. "చెప్పినానా లేదా." షావుకారు రాగానే ఆడవాళ్ల వైపునుంచి తిట్లు మొదలయ్యాయి. "నీ నోట్లో మన్ను పడ, గుక్కెడు నీళ్లకు అంత ఏడిపిస్తావా" అని ఒకామె నిలబడి చెయ్యి ఊపింది. మా షావుకారు పాత కాపు గనక ఆ తిట్లకు పొంగిపోయి మీసం ఇంకో రెండుసార్లు దువ్వాడు. ఆ రెండు దువ్వుళ్లు రిహార్సల్లో లేవు. నా సంగీతం ముందుకు పోయింది, ఆయన మీసం దగ్గర ఉండిపోయాడు.

హీరోయిన్ పస్తు సీన్లో ఇంకో ముచ్చట. ఆమె స్టేజీ అంచున కూర్చుని కడుపు పట్టుకుని పాడుతోంది. ముందు కూర్చున్న ఒక అవ్వ లేచి, తన చేతిలోని బొరుగుల పొట్లం స్టేజీ మీదికి చాచింది. "తిను తల్లీ. మళ్లా పాడుదువు."

హీరోయిన్ నటనలో డిప్లొమా చేసిన అమ్మాయి, కానీ ఆ చదువులో ఇది లేదు. చెయ్యి తోసేస్తే బాగుండదని పొట్లం తీసుకుంది. హెడ్‌సెట్‌లో సార్ గొంతు కీచుమంది. "ఆమె కథలో మూడు రోజులుగా తినలేదమ్మా. ఎవరు పెట్టారు ఆమెకి?"

"ఒక అవ్వ పెట్టింది సార్."

"తినొద్దని సైగ చెయ్యి."

"నోట్లో వేసుకుంది సార్."

సభంతా "అబ్బా" అని ఊపిరి వదిలింది. అవ్వ తృప్తిగా కూర్చుంది. విమర్శకుడు ఫోన్లో ఏదో గీకుతూనే ఉన్నాడు. ఆయన బట్టతల వెనక నుంచి చూస్తుంటే మంచి రాస్తున్నాడో చెడ్డ రాస్తున్నాడో తెలియలేదు. నేను ఆ తల కేసే చూస్తూ బటన్లు నొక్కాను.

చివరి సీను వచ్చింది. హీరో ఖాళీ బొక్కెనతో నిలబడ్డాడు. లైటు సన్నబడి, సన్నబడి, ఆయన మొహం మీద నాణెమంత అయి ఆరిపోయింది. చిమ్మచీకటి. మైదానమంతా నిశ్శబ్దం. హెడ్‌సెట్‌లో సార్ గుసగుసలాడారు. "విన్నావా? ఆ నిశ్శబ్దం విను. దీనికోసమే నేను..."

చీకట్లోంచి ఎవరో అన్నారు: "కరెంటు పోయినట్టుండాదే."

"జనరేటర్ యాడప్పా? డీజిల్ పోసినారా లేదా?"

"వాన ముందర ఎప్పుడూ పోతాది లేప్పా. కూర్చో, వస్తాది."

ఆ "వస్తాది" కరెంటు గురించో వాన గురించో నాకు తెలియదు. లైట్లు వెలిగించాను. నటులు వరుసగా నిలబడి దండాలు పెట్టారు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు, ఒక్కరూ లేవలేదు. జనం బొరుగుల పొట్లాలు పట్టుకుని, ఇంటర్వెల్‌లో కూర్చున్నట్టు కూర్చున్నారు. సార్ మైకు తీసుకుని స్టేజీ మీదికి వచ్చారు.

"మిత్రులారా, నాటకం అయిపోయింది."

నాయన లేచాడు. "వాన యాడ సార్?"

నేను బల్ల వెనక తల దించుకున్నాను. సార్ మాత్రం ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు చిరునవ్వు నవ్వారు. "మంచి ప్రశ్న. మీరే చెప్పండి. మీ ఊళ్లో సరిగ్గా కావలసిన సమయానికి వాన పడుతుందా?"

"పడదు సార్" అన్నారు అందరూ.

"మరి నన్ను అబద్ధం చూపించమంటారా?"

"చూపించు సార్" అన్నారు అందరూ.

సార్ నవ్వు ఆగింది. మాజీ సర్పంచి లేచి సర్దబోయాడు. "సార్, మీరు తెచ్చుకోకపోతే చెప్పండి, మా ట్యాంకరు పిలిపిస్తా. పైపు పట్టి పైకి కొడితే వానే గదా."

ఇందాక షావుకారును తిట్టినామే ఈసారి ఆయన మీదికి తిరిగింది. "ఏమన్నా, బిందెడు నీళ్లకు పొద్దున్నుంచీ నిలబడితిమి. నాటకానికి ట్యాంకరు పిలుస్తావా?" ఆయన గబుక్కున కూర్చున్నాడు. ఆమె సార్ కేసి చూసి గొంతు తగ్గించింది. "మాకు తడవల్లని ఏం లేదు సార్. ఆ పాట ఒకటి పెట్టండి సాలు. నిజం మాకు ఇంటికాడ ఉండనే ఉండాది. దాన్ని చూసేకి ఇంతదూరం ఏల వస్తాము?"

సార్ మైకు ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నారు. అంతలో నాయన వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

"మ్మే, పాపా. పాటలన్నీ నీ పెట్టెలోనే గదా ఉండేది. ఆ వాన పాట ఉండాదా?"

ఊరి తలలన్నీ నా వైపు తిరిగాయి. విమర్శకుడి తల కూడా. లేదని చెప్పొచ్చు. నాయనతో అబద్ధం చెప్పడం నాకు వచ్చు, కానీ అంతమంది ముందు రాదు. "ఉండాది నాయనా" అన్నాను.

"మరి పెట్టు."

సార్ మైకులోనే అన్నారు. కోపంలో మైకు చేతిలో ఉన్న సంగతి మర్చిపోయారేమో. "అమ్మా, నొక్కొద్దు. నొక్కితే రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు."

ఆ మాట రెండు పెద్ద బాక్సుల్లోంచి కుందుర్పి మొత్తానికి వినిపించింది.

నాయన మొహం చూడాల్సింది. అప్పటిదాకా ముందు వరుసలో దొరలా కూర్చున్న మనిషి, రుమాలు తీసి చేతిలో నలిపాడు. "వద్దులే పాపా. ఏదో నోరు జారినాను. నీ పని పోతాది." ఆయన కూర్చున్నాడు. ఆడవాళ్ల వైపు గుసగుసలు. "ఆ పాప పని పోతాదంట." "పాపం, సదువుకున్న పాప." "లెయ్యండప్పా, ఏం వానలే, ఎప్పుడు చూడని వానా." ఒకరొకరే లేచి చాపలు చుట్టడం మొదలుపెట్టారు. అవ్వ తన పొట్లం కొంగున కట్టుకుంది. అడిగినదాన్ని నా కోసం వదులుకుని, నన్ను ఒక్క మాట కూడా అనకుండా పోతున్నారు.

చెల్లెళ్లూ తమ్ముళ్లూ, ఇక్కడ మీకు ఒక గొప్ప కారణం చెబితే బాగుంటుంది. కళ గురించో, ధైర్యం గురించో. అలాంటిదేమీ లేదు. వాళ్లు అంత మర్యాదగా చాపలు చుడుతుంటే నేను చూడలేకపోయాను. ల్యాప్‌టాప్‌లో వరుస చివరికి పోయి నొక్కాను.

ఉరిమింది. నీలం లైటు పడింది. వెనక తెర మీద మబ్బులు కమ్ముకున్నాయి. డప్పు మొదలైంది. చుట్టిన చాపలు చంకలోనే ఉన్నాయి, జనం అక్కడికక్కడే ఆగిపోయారు. హీరో ఇంకా స్టేజీ మీదే ఉన్నాడు. రిహార్సల్ మొదటి నెలలో నేర్చుకున్న అడుగులు ఆయన కాళ్లకు వాటంతటవే వచ్చేశాయి. లోపలినుంచి షావుకారు లుంగీ, తువ్వాలుతో, సగం ఊడిన మీసంతో పరిగెత్తుకొచ్చి పక్కన చేరాడు. తిట్టినామే, "రా, నువ్వు కూడా తడువు, పో" అంది.

మొదట విసిరింది ఎవరో నేను చూడలేదు. గుప్పెడు బొరుగులు నీలం లైటులోకి ఎగిరి, తెల్లగా మెరుస్తూ హీరో తల మీద పడ్డాయి. మరుక్షణం మైదానం మొత్తం విసరడం మొదలుపెట్టింది. అంత తేలికైనవి కదా, విసిరినా గబుక్కున పడవు, ఆగి ఆగి రాలుతాయి. నిజం వానకన్నా నిదానంగా, అందంగా పడిన వాన అది. హీరో బొక్కెన ఎత్తి పట్టాడు, అందులోకీ పడ్డాయి. అవ్వ కొంగు విప్పి పొట్లం మొత్తం ఖాళీ చేసింది. నాయన తన పొట్లంలో సగం విమర్శకుడి చేతిలో పోశాడు. ఆయన ఏం చేస్తాడా అని చూశాను. ముందు కొన్ని నోట్లో వేసుకున్నాడు. తర్వాత అటూ ఇటూ చూసి, మిగతావి విసిరాడు.

పాట అయ్యాక "ఇంకోసారి" అన్నారు. ఎలాగూ పోయిన ఉద్యోగం కదా, ఇంకోసారి వేశాను.

జనం పోయాక సార్ నా బల్ల దగ్గరికి వచ్చారు. జుట్టులో బొరుగులు ఉన్నాయి. "చెప్పాను కదమ్మా" అన్నారు. అరవలేదు. హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టాను.

ఆటోలో నాయన రుమాలుకు అంటిన బొరుగులు ఒక్కొక్కటే ఏరాడు. తర్వాత, "మీ అమ్మకు ఏం చెప్పల్ల?" అన్నాడు.

"వాన పడిందని చెప్పు."

ఆయన నవ్వాలా వద్దా అని కాసేపు చూసి, నవ్వేశాడు. "నీ పని ఏందో ఇప్పుడు తెలిసింది పాపా. శానా మంచి పనే. పోగొట్టుకుంటిమి."

మూడో రోజు విమర్శ వచ్చింది. మేడ మీదికెక్కి సిగ్నల్ పట్టుకుని ఫోన్లో చదివాను. సినిమాను స్టేజీ మీదికి తెచ్చేటప్పుడు దర్శకుడు అందులోని ప్రాణాన్ని కిందే దించేశాడని రాశాడు. రెండు గంటల్లో తనకు అనుభవంలోకి వచ్చింది ప్లాస్టిక్ కుర్చీ ఒక్కటే అన్నాడు. పక్కన కూర్చున్న గొర్రెల కాపరి చెప్పిన కథ, స్టేజీ మీద జరిగిన కథకన్నా బాగుందన్నాడు. చివరికి ఒక్క మాట: ఈ నాటకం అయిపోయిన తర్వాత మొదలైంది, ఆ తర్వాతి పావుగంట కోసం కుందుర్పి దాకా పోవచ్చు.

నాయనకు చదివి వినిపించాను. "అంతా రాసి నా పేరు ఏల రాయలేదు?" అన్నాడు.

హైదరాబాదు సభవాళ్లు మాట్లాడటం మానేశారు. ఊళ్లవాళ్లు మాత్రం మొదలుపెట్టారు. బొరుగుల వాన నాటకం మాకూ కావల్ల అని ఫోన్ల మీద ఫోన్లు. వారం తిరక్కుండా సార్ నాకు ఫోన్ చేశారు.

"విమర్శ చదివావా?"

"చదివాను సార్."

"నేనూ చదివాను." డైరీ తిప్పుతున్న చప్పుడు వినిపించింది. "సోమవారం ఆట ఉంది. రా."

తర్వాత మూడు నెలలు మేము ఊరూరా వాన కురిపించాం. మడకశిర దారిలో కురిపించాం, కళ్యాణదుర్గం చుట్టుపక్కల కురిపించాం. బొరుగుల బస్తాలు మేమే వ్యాన్లో వేసుకుని పోయేవాళ్లం. నెల దాటకముందే ఇది తన ఆలోచనే అని సార్ నమ్మేశారు. ఒక ఊళ్లో మైకులో, "కరువు నేల మీద వాన కురిపించకపోవడం అక్కడి మనుషుల్ని అవమానించడం" అన్నారు. షావుకారు నా కేసి చూసి మీసం దువ్వుకున్నాడు. సార్‌కు ఉత్సాహం ఎక్కువై ఉరుము కూడా మార్పించారు. పాత ఉరుము పీలగా ఉందని నిజం ఉరుము రికార్డు చేయించి, బాక్సులు ఇంకో రెండు కొన్నారు. బటన్ నిబంధన మాత్రం అలాగే ఉంది. ఆయన "ఇప్పుడు" అంటేనే నేను నొక్కాలి.

దీపావళి దాటాక కణేకల్ పిలిచింది. అది కాలువ కింద నేల. మా వైపు ఊళ్లకు అలవాటు పడిన కళ్లకు ఆ పచ్చదనం చూస్తే ఇంకో జిల్లాకు వచ్చినట్టు ఉంటుంది. వ్యాన్ ఊళ్లోకి పోతుంటే డ్రైవరు అడుగడుగునా బ్రేకు వేశాడు, రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. బడి ఆవరణలో వడ్లు, కొట్టాల ముందు వడ్లు. భలే ఉందే అని నేను ఫోటోలు కూడా తీసుకున్నాను. మాలో ఒక్కరికీ ఇంకేమీ తోచలేదు.

ఆట బాగానే నడిచింది. జనం పాడారు, తిట్టారు, ఏడ్చారు. హీరో బొక్కెనతో నిలబడ్డాడు. సార్ "ఇప్పుడు" అన్నారు. నొక్కాను.

నాలుగు బాక్సుల్లోంచి కొత్త ఉరుము ఉరిమింది. నా బల్ల మీద మంచినీళ్ల గ్లాసు వణికింది.

సభ మొత్తం ఒక్కసారిగా లేచింది. అబ్బ, ఎంత స్పందన అని సార్ హెడ్‌సెట్‌లో అంటుండగానే వాళ్లు అటు తిరిగి పరుగు పెట్టారు. "పట్టలు, పట్టలు కప్పండి" అని కేకలు. ఇళ్లల్లో ఉన్నవాళ్లు కూడా బయటికి వచ్చి పరిగెత్తుతున్నారు. కుప్పలు చేసేవాళ్లు కుప్పలు చేస్తున్నారు, టార్పాలిన్లు ఈడ్చేవాళ్లు ఈడుస్తున్నారు. చూస్తుండగానే మా ముందు చాపలు, చెప్పులు, నిద్రపోతున్న ఒక ముసలాయన మిగిలారు. స్టేజీ మీద హీరో, షావుకారు ఎవరూ లేని మైదానం ముందు తడుస్తూ గంతులేస్తున్నారు. బొరుగులు చల్లడానికి మేము పెట్టుకున్న మనిషి ఒక్కడే నమ్మకంగా చల్లుతున్నాడు.

కాసేపటికి వాళ్లు తిరిగి వచ్చారు. చొక్కాల మీద వడ్ల దుమ్ము. పైన చూస్తే ఒక్క మబ్బు లేదు, చుక్కలు లెక్కపెట్టొచ్చు.

"ఎవురప్పా ఉరిమించింది?" అని ఒక పెద్దాయన ముందుకు వచ్చాడు.

మా కంపెనీ మొత్తం నా వైపు వేలు చూపించింది. షావుకారుతో సహా.

"ఏం పాపా, చూసేకి బుద్ధిమంతురాలి మాదిరి ఉండావు. వడ్లు బయట పోసుకొని ఉంటే ఉరిమిస్తారా ఎవురన్నా? మా ముసిల్ది మంచంలోంచి లేచి పరిగెత్తింది. రెండేండ్ల నుంచి లేవనిది."

"తప్పైంది తాతా" అన్నాను.

సార్ మైకు తీసుకున్నారు. ఈసారి చిరునవ్వు లేదు. "పెద్దాయనా, మరి వాన లేకుండా ఎలా ముగించమంటారు?"

"మీకు తెలీదా సార్? ఇంత పెద్ద నాటకం ఆడిస్తారు." పెద్దాయన స్టేజీ కేసి చెయ్యి చూపించాడు. "వాడు ఖాళీ బొక్కెన పట్టుకొని నిలబడల్ల. మాట లేదు, పాట లేదు. దీపం ఆర్పెయ్యండి. సాలు. వడ్లు ఇంటికి చేరిందాకా వాన మాట ఎత్తొద్దు."

సార్ మొహంలో ఏం జరిగిందో నాకు చెప్పడం రాదు. సొంత బిడ్డను తప్పిపోయిన చోటునుంచి ఎవరో చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చిస్తే తండ్రి అలా చూస్తాడేమో. హీరో వెళ్లి నిలబడ్డాడు. లైటు నాణెమంత అయి ఆరిపోయింది. చీకట్లో ఎవరూ కరెంటు మాట ఎత్తలేదు. ఆ నిశ్శబ్దం నేనూ విన్నాను. దూరంగా కాలువ చప్పుడు కూడా వినిపించింది. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. పట్టలు కప్పి వచ్చిన చేతులు కదా, దుమ్ము లేచింది.

తిరిగి వస్తుంటే వ్యాన్లో సార్ నా పక్కకు వచ్చి కూర్చున్నారు. నేను రాజీనామా ఎలా రాయాలో ఆలోచిస్తున్నాను.

"చివరిది ఇక నువ్వే చూసుకో" అన్నారు.

"ఏం చూసుకోవాలి సార్?"

"వాన రావాలో వద్దో. నాకు తెలియడం లేదు." బయటికి చూస్తూ అన్నారు, ఎవరికీ వినపడకుండా. "ఊళ్లోకి పోయేటప్పుడు డ్రైవరు పక్కన కూర్చో. రోడ్ల మీద ఏమున్నాయో చూడు. చేలు చూడు. నేను 'ఇప్పుడు' అనను."

ఇప్పుడు మా వ్యాన్లో ముందు సీటు నాది. మొన్న ఒక ఊరికి పోయాం, పేరెందుకు గాని, రోడ్డుకు ఎడమ పక్క చెనక్కాయ పీకి ఆరబెట్టుకున్నారు, కుడి పక్క ఉల్లి నాట్లు వేసి నీళ్ల కోసం చూస్తున్నారు. ఆ రెండు పక్కలవాళ్లూ వచ్చి నా ముందే కలిసి కూర్చున్నారు. హీరో బొక్కెనతో నిలబడ్డాడు. నేను జనాన్ని చూస్తున్నాను, వాళ్లు స్టేజీని చూస్తున్నారు.

హెడ్‌సెట్‌లో సార్ గొంతు సన్నగా వినిపించింది. "అమ్మా, ఈరోజు వానా, కాదా?"

"సన్న జల్లు సార్" అన్నాను. "ఉరుము లేకుండా."

నొక్కాను.